బెదురు కుక్కపిల్లకు కొన్నాళ్ళ పుట్టిల్లు



ఇంట్లో కుక్కను పెంచుకోవడం గురించి మీరు ఇదివరకు ఎన్నో విని ఉంటారు. ఈవేళ నేను చెప్పబోయేది పెంచుకోవడం గురించి కాదు. కొన్నాళ్ళు సాకి, మచ్చిక చేసి, మరొకరి చేతిలో పెట్టడం గురించి. ఇప్పటి పిల్లలు దీన్ని ఫోస్టరింగ్ అంటున్నారు. వీధిలోంచి కాపాడి తెచ్చిన కుక్కపిల్లకు ఒక స్థిరమైన ఇల్లు దొరికేదాకా మన ఇంట్లో చోటివ్వడమన్నమాట.

హైదరాబాదులో అక్కినేని అమల గారు 1992లో ప్రారంభించిన బ్లూక్రాస్ వంటి సంస్థలు దిక్కులేని మూగజీవాలను చేరదీస్తున్నాయి. అయితే ఎంత మంచి ఆశ్రయమైనా అది ఇల్లు కాదు కదా! నాలుగు పక్కలా కుక్కలు మొరుగుతూ ఉండేచోట, అసలే గుండె జారిపోయిన పిల్ల ధైర్యం తెచ్చుకోవడం కష్టం. పైగా దత్తతకు వచ్చేవాళ్ళు ఎవరిని ఎంచుకుంటారు? తోక ఊపుకుంటూ ఎదురొచ్చేవాణ్ణి. మూలన ముడుచుకు కూర్చున్నవాణ్ణి ఎవరూ చూడరు. ఒకవేళ ముద్దుగా ఉన్నాడని తీసుకెళ్ళినా, వారం తిరక్కుండా వెనక్కి తెస్తారు. "ఎప్పుడూ మంచం కిందే ఉంటున్నాడండీ, పిలిచినా రాడు" అంటారు. అలా ఒకసారి తిరిగొచ్చిన పిల్లకు మనుషుల మీద ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది. వెనక్కి తెచ్చే ఓపిక కూడా లేనివాళ్ళు వీధిలోనే వదిలేస్తారు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో, వీధికుక్కలను దత్తత తీసుకోదలచినవారు నగరపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చునని చెప్పింది. అలా తీసుకున్నది తిరిగి వీధిపాలు కాకుండా చూసే బాధ్యత కూడా వాళ్ళదేనంది. కాబట్టి ఇచ్చేముందే పిల్లను తయారుచేయాలి. అది మనలాంటి ఇళ్ళలో జరిగే పని.

అసలు కొన్ని కుక్కలకు అంత బెదురు ఎందుకు? పుట్టిన మూడో వారం నుంచి సుమారు మూడు, మూడున్నర నెలల దాకా కుక్కపిల్ల మనసు లేత మైనంలా ఉంటుంది. ఆ రోజుల్లో ఎవరిని చూసి, ఏ చప్పుళ్ళు విని, ఏ చేతుల స్పర్శ ఎరిగి ఉంటే అవన్నీ దానికి మామూలైపోతాయి. ఆ కాలమంతా రాళ్ళ దెబ్బలకు పారిపోవడంతోనే గడిచిందనుకోండి, తరవాత చూసే ప్రతి కొత్త వస్తువూ దానికి రాయిలాగే కనిపిస్తుంది. అది మొండితనం కాదు, కృతజ్ఞత లేకపోవడమూ కాదు.

మా ఇంటికి వచ్చినవాడికి అయిదు నెలలుంటాయని డాక్టరుగారు పళ్ళు చూసి చెప్పారు. కడుతున్న మేడ దగ్గర సిమెంటు తూములో దొరికాడట. గోధుమరంగు, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి. పిల్లలు చంటి అని పేరు పెట్టారు. వచ్చినరోజే నా కుట్టుమిషను కిందకు దూరిపోయాడు. సరే, అదే వాడి గది అనుకున్నాం. ఒక గోనెపట్టా, దానిమీద పాత నేతచీర పరిచి, మిషనుకు మూడు వైపులా దుప్పటి వేలాడదీశాం. బెదిరిన కుక్కకు ముందుగా ఇవ్వవలసింది ముద్దులు కాదు, ఎవరూ చెయ్యి పెట్టని ఒక మూల. అక్కడ ఉన్నప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, లాగకూడదు, తొంగి చూడకూడదు. ఈ సంగతి పిల్లలకు నేర్పడమే కుక్కకు నేర్పడంకన్నా కష్టం!

మొదటి మూడు రోజులూ వాడు మేం చూస్తుండగా మెతుకు ముట్టలేదు. చాలా కుక్కలు అలాగే చేస్తాయి, కంగారు పడకండి. రాత్రి గిన్నె దగ్గర పెట్టి దీపం ఆర్పేస్తే తెల్లారేసరికి ఖాళీ అయి ఉండేది. రోజంతా నీళ్ళు కూడా ముట్టకపోయినా, వాంతులు విరేచనాలు అవుతున్నా మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి. తిండి విషయంలో మన వంటింట్లోనే కొన్ని శత్రువులున్నాయి. ఉల్లి, వెల్లుల్లి వేసిన సాంబారన్నం, పులుసన్నం పెట్టరాదు. ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. ఉడికించిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. పాలు చాలావాటికి అరగవు. అన్నంలో ఎముక తీసిన కోడిమాంసమో, ఉడికించిన గుడ్డో కలిపి ఉప్పు కారం లేకుండా పెట్టవచ్చు. మాంసం వండని ఇళ్ళవాళ్ళు తయారుగా దొరికే కుక్కల ఆహారం తెచ్చుకుంటే సరి.

ఇంటికి తెచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే పశువుల డాక్టరుకు చూపించి నులిపురుగుల మందు, పిడుదుల మందు, టీకాల వరస రాయించుకోండి. మామూలుగా ఆరు ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకసారి టీకాలు వేస్తారు. పెద్దపిల్లగా దొరికితే ఎన్ని కావాలో డాక్టరుగారే చెబుతారు. రేబిస్ టీకా మూడు నెలల వయసులో వేస్తారు. ఇంట్లోవాళ్ళకు గీరుకున్నా, పంటిగాటు పడినా పసుపూ సున్నమూ అద్దకుండా, సబ్బుతో ధారగా పారే నీటికింద పదిహేను నిమిషాలు కడిగి, ఆరోజే ఆస్పత్రికి వెళ్ళాలి. చిన్న గీతే కదా అని ఊరుకోవడానికి వీల్లేని జబ్బు అది. లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు.

ఇక మచ్చిక సంగతి. మా ఇంట్లో అందరూ చంటిగాణ్ణి మచ్చిక చేసుకోవాలని పోటీ పడ్డారు. మావారు బిస్కట్లు తెచ్చారు, పిల్లలు బంతులు దొర్లించారు. వాడు ఎవరి దగ్గరకూ రాలేదు. మా అత్తగారు ఒక్కరే వాణ్ణి పట్టించుకోలేదు. ఆవిడకు మడి, ఆచారం. "వంటింటి గడప తొక్కిందంటే ఊరుకోను" అని మొదటిరోజే చెప్పేశారు. సాయంత్రం పూట హాల్లో గోడకు చేరగిలబడి, చేటలో పప్పు పోసుకుని, రాళ్ళేరుతూ సన్నగా విష్ణు సహస్రనామం చదువుకునేవారు. తొమ్మిదో రోజు సాయంత్రం వాడు మిషను కిందనుంచి పాకుతూ బయటికి వచ్చి ఆవిడకు రెండు బారల దూరంలో పడుకున్నాడు. పన్నెండో రోజుకు ఆవిడ చీర చెంగు మీద గడ్డం ఆనించాడు. "ఛీ, పక్కకు పో వెధవా" అన్నారేగాని చెంగు లాక్కోలేదు. ఆ తరవాత స్నానం చేసి వచ్చి మళ్ళీ అక్కడే కూర్చున్నారు.

చూశారా! ఆవిడ వాడి కళ్ళలోకి చూడలేదు, చెయ్యి చాచలేదు, పిలవలేదు. ఒకే వేళకు, ఒకే చోట, ఒకే గొంతుతో ఉన్నారు. బెదిరిన కుక్కకు కావలసింది సరిగ్గా అదే. రావాలా వద్దా అన్నది అదే నిర్ణయించుకోవాలి. మనం చేయవలసిందల్లా నేలమీద పక్కకు తిరిగి కూర్చుని మన పని మనం చేసుకోవడం. మధ్య మధ్య దానివైపు చూడకుండా ఒక ముక్క విసరవచ్చు. దగ్గరకు వస్తే నెత్తిమీద చెయ్యి వేయకండి. పైనుంచి దిగే చెయ్యి దానికి దెబ్బను గుర్తుచేస్తుంది. గడ్డం కిందో, రొమ్ము మీదో రెండు క్షణాలు నిమిరి చెయ్యి తీసేయండి. ఇంకా కావాలనుకుంటే అదే ముందుకు వస్తుంది.

కుక్క భయం తోకలోనే కాదు, మొహంలోనూ తెలుస్తుంది. నిద్ర రాకుండానే ఆవలిస్తుంది, ఊరికే మూతి నాక్కుంటుంది, మొహం తిప్పి కంటికొసల తెల్లగుడ్డు కనిపించేలా చూస్తుంది, లేదా కొయ్యబారిపోతుంది. కొయ్యబారిన కుక్కను చూసి "ఎంత బుద్ధిగా ఉందో" అనుకుంటారు కొందరు. అది బుద్ధి కాదమ్మా, ప్రాణభయం. ఇంకొకటి, గుర్రుమన్నందుకు కుక్కను కొట్టకండి. గుర్రుమనడం దాని మర్యాద. దూరంగా ఉండమని ముందుగా చెబుతోంది. ఆ నోరు నొక్కేస్తే రేపు చెప్పకుండానే కరుస్తుంది.

మనిషి అలవాటయ్యాక ఇల్లు అలవాటు చేయాలి. కుక్కర్ కూత, మిక్సీ, గ్రైండరు, కాలింగ్ బెల్లు, గ్యాసుబండ దొర్లించే చప్పుడు ఇవన్నీ మనకు సంగీతం, దానికి పిడుగులు. చంటిగాడికి మిక్సీ అంటే చచ్చేంత భయం. మొదట రెండు గదుల అవతల, తలుపు మూసి ఒక్కసారి తిప్పి, ఇటు పిల్లలచేత గుడ్డుముక్క పెట్టించేదాన్ని. అలా రోజుకు కొంచెం దగ్గరగా. మూడు వారాలకు మిక్సీ మోగితే గుడ్డుకోసం వంటింటి గడపదాకా వచ్చి నిలబడ్డాడు. తొందరపడి ఒక్కరోజులో దగ్గర చేస్తే వారం వెనక్కి పోతారు. హెల్మెట్టు పెట్టుకున్నవాళ్ళు, గొడుగు, కర్ర పట్టుకున్నవాళ్ళు, చంటిపిల్లల ఏడుపు ఇవన్నీ కూడా ఈ లెక్కలోవే. దీపావళి మాత్రం ఈ పాఠాలకు అందదు. ఆ రాత్రి కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ పెట్టి, మనిషి తోడుండాలి. పొద్దున్నే బయట తిప్పి తీసుకొచ్చి, సాయంత్రం గడప దాటనివ్వకూడదు. ఆ పండగకు తప్పిపోయే కుక్కలు ఎన్నో.

దొడ్డికి వెళ్ళే అలవాటు అనుకున్నంత కష్టం కాదు. నిద్ర లేవగానే, తిన్న తరవాత, ఆడుకున్నాక బయటికి తీసుకెళ్ళడం, చేసినప్పుడు మెచ్చుకోవడం, అంతే. ఇంట్లో చేస్తే అరవకుండా తుడిచేయండి. అరిస్తే నేర్చుకునేది దాచిపెట్టి చేయడమే.

బెదురు కుక్క మెడపట్టీలోంచి చిటికెలో తల జారుస్తుంది. అందుకని మెడకొకటి, రొమ్ముకొకటి పట్టీ వేసి రెండింటికీ తాడు కట్టండి. ముందు ఇంట్లోనే తాడు ఈడ్చుకుంటూ తిరగనిచ్చి, తరవాత మెట్లదాకా, ఆ తరవాత వీధి చివరదాకా. అపార్టుమెంట్లలో ఉండేవారికి ఒక మాట. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కలను సంఘం తీర్మానంతో నిషేధించడానికి లేదు. అలాగని పక్కింటివారి గుమ్మం ముందు మురికి చేయించి చట్టం చెబితే ఎవరు వింటారు? సంచీ పట్టుకెళ్ళి మనమే ఎత్తేయాలి.

మూడో నెలకు చంటి మా వెనకే తిరుగుతున్నాడు. మావారు ఒకరోజు పేపరు అడ్డం పెట్టుకుని "ఉంచేద్దామా?" అన్నారు. నాకూ లేకపోలేదు ఆ ఆశ. కానీ మాది రెండు గదుల ఇల్లు. వీణ్ణి ఉంచుకుంటే కుట్టుమిషను కింద ఇంకొకడికి చోటుండదు. ఆ రాత్రి పిల్లలతో కూర్చుని ఇదే చెప్పాను. మా చిన్నవాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తరవాత పెళ్ళిచూపులు మొదలయ్యాయి. నిజంగా పెళ్ళిచూపులే! అయితే మామూలు చూపుల్లోలా గుణాలు మాత్రమే చెప్పి ఊరుకోకూడదు. మిక్సీ భయం, కొత్త మగవాళ్ళను చూస్తే దాక్కోవడం, ఉరుము ఉరిమితే మంచం కింద దూరడం అన్నీ చెప్పేయాలి. "ఇవన్నీ ఉన్నా కావాలా?" అని అడగాలి. ఒకాయన కాపలాకు కావాలన్నాడు, మేడమీద కట్టేస్తామన్నాడు. ఇవ్వలేదు. ఇంకొకరు పాప పుట్టినరోజుకు బహుమతిగా అడిగారు. వాళ్ళకూ ఇవ్వలేదు. పగలంతా ఇంట్లో ఎవరుంటారు, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నాడా, ఊరికి వెళితే ఎవరు చూస్తారు, ఖర్చు భరించగలరా అని మొహమాటపడకుండా అడగండి. చివరకు ఒక టీచరమ్మ, వాళ్ళమ్మగారు వచ్చారు. చంటి మిషను కిందనుంచి రాలేదు. "పోనీలెండి, వాడి ఇష్టం" అని ఆ అమ్మాయి నేలమీద కూర్చుని గంటసేపు పేపరు చదువుకుంది. మా అత్తగారు నావైపు చూసి తల ఊపారు. ఇంకో రెండుసార్లు రమ్మన్నాం. మూడోసారికి వాడే వెళ్ళి ఆ అమ్మాయి చెప్పులు వాసన చూశాడు.

పంపేటప్పుడు వాడు పడుకున్న చీర ఉతక్కుండా అలాగే ఇచ్చాం. వాడి గిన్నె, టీకాల కార్డు, తినే వేళలు రాసిన కాగితం, శస్త్రచికిత్స ఎప్పుడు చేయించాలో డాక్టరు రాసిచ్చిన చీటీ ఇచ్చాం. నగరపాలక సంస్థలో రిజిస్టరు చేయించమన్నాం. కొత్త ఇంట్లో మొదటి రోజులే అసలు ప్రమాదం. తలుపు సందు దొరికితే పాత ఇంటికోసం పరుగెడతాడు, దారి తెలియదు. అందుకే గేటూ తలుపూ ఒకేసారి తెరవవద్దని, ఇంటి ఆవరణలో కూడా తాడు విప్పవద్దని, పట్టీకి ఫోను నెంబరు కట్టమని రెండుసార్లు చెప్పాం. బెరుకు తీరడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, తన ఇల్లనుకోవడానికి మూడు నెలలు అని ఈ పనిలో ఉన్నవాళ్ళు ఒక మోటు లెక్క చెబుతారు. కుక్కనుబట్టి అటూ ఇటూ అవుతుంది.

ఆ రాత్రే ఫోను వస్తుంది, తయారుగా ఉండండి. మాకూ వచ్చింది. "ఏమీ తినడం లేదండీ, సోఫా వెనక దూరాడు" అంది టీచరమ్మ గాభరాగా. ఫోను మా అత్తగారు లాక్కున్నారు. "గిన్నె అక్కడ పెట్టి దీపం ఆర్పి పడుకో అమ్మా. పొద్దున లేచాక పప్పో బియ్యమో ముందేసుకుని కూర్చో. వాడివంక చూడకు" అన్నారు.