కుమార్తులిలో కెమెరా

కోల్‌కతా వచ్చాక ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్లు ఎలా పెరిగారని అడుగుతున్నారు. మహాలయ నాడు కుమార్తులిలో దుర్గమ్మకు కళ్లు దిద్దుతుంటే కెమెరాలు తోసుకుంటాయి. 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చిందాయె! అందరిదీ ఒకే ఫోటో. నేను వసంత పంచమికి ముందు, సరస్వతి విగ్రహాలు చేసే రోజుల్లో వెళతాను. వెదురు, గడ్డి, గంగమట్టి. ఒకే సందు, ఆదివారానికొక్క ఫోటో. మన రికరింగ్ డిపాజిట్ లాంటిదే, నిదానంగా పెరుగుతుంది.

లైకులు మనకు, మట్టి పిసికే మనిషికి ఏమిటి? అందుకే అడిగి తీస్తాను, ఒప్పుకుంటే కార్ఖానా పేరు రాస్తాను, ప్రింటు ఇస్తాను. ఒక పెద్దాయన, "ముఖం వద్దు దాదా, చేతులు తీసుకో" అన్నారు. ఎక్కువమందిని తెచ్చింది ఆ చేతులే. ప్రింటు ఇస్తే, ఇద్దరు కూతుళ్లకూ చెరొకటి కావాలన్నారు.