కేంద్రం దాకా తీసుకెళ్లేది మనమే

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలు ఇప్పటిదాకా విన్నాం. నేనొక లెక్క అడుగుతాను. మీ ఊళ్లో చూపు లేని, వినపడని, నడవలేని పిల్లలు ఎంతమంది? పింఛను ఎవరికొస్తోందో టక్కున చెప్తాం. వాళ్లలో ఎవరు చదువుకుంటున్నారంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం.

2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు అయింది. తిండికి, మందులకు అది ఆసరా. కానీ మనం పోయాక ఆ బిడ్డ తన పని తాను ఎలా చేసుకోవాలో పింఛను నేర్పదు కదా!

అది నేర్పడానికే సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు చదువు చెప్తారు, ఫిజియోథెరపీ చేయిస్తారు. కదల్లేని పిల్లలకు ఇంటికొచ్చి నేర్పే ఏర్పాటూ ఉంది. రాకపోకలకు, తోడు వెళ్లేవారికి భత్యం కూడా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు హక్కు.

చూపు లేనివారికి ఇప్పుడు కంప్యూటరే చదివి వినిపిస్తుంది. ఎన్‌వీడీఏ అనే ఆ సాఫ్ట్‌వేర్‌ ఉచితం. మచిలీపట్నం దగ్గర రైతు ఇంట్లో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్ గారికి ఇంటర్‌లో సైన్స్ సీటు ఇవ్వమన్నారు. కోర్టుకెళ్లి సాధించుకున్నారు. రికార్డు చేసిన పాఠాలు విని చదివారు. అమెరికాలో ఎంఐటీ దాకా వెళ్లొచ్చి, సొంత కంపెనీలో దివ్యాంగులకు పని ఇచ్చారు.

మన టచ్‌ ఫోన్లలోనూ టాక్‌బ్యాక్ ఉంటుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఆన్ చేయాలి. వేలు పెట్టినచోట ఏముందో చెప్తుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. సిగ్నల్ ఉన్నచోట తెలుగు గొంతు ఒకసారి దించుకుంటే, సిగ్నల్ లేని ఊళ్లోనూ పలుకుతుంది. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకు మొదట్లో పక్కన కూర్చుని అర్థం చెప్పాలి.

అసలు చిక్కు వేరే ఉంది. కేంద్రం కొండెక్కి రాదు. బిడ్డను తీసుకెళ్తే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. కాఫీ పండు కోతల రోజుల్లో ఏ తల్లి వెళ్లగలదు? అందుకే రెండు వారాలు తిరిగి మానేస్తారు. తప్పు తల్లిది కాదు, ఆమెను ఒంటరిగా వదిలేసిన మనది.

అప్పు కట్టలేని అక్క పక్కన సంఘమంతా నిలబడుతుంది. ఈ తల్లి పక్కనా అలాగే నిలబడదాం. వచ్చే గ్రామ సమాఖ్య మీటింగులో ఇలాంటి పిల్లల పేర్లు పుస్తకంలో రాయండి. సదరం సర్టిఫికెట్ లేనివారికి స్లాట్ బుక్ చేయించండి. పేర్లు పట్టుకుని ఎంఈవో గారి దగ్గరికి కలిసి వెళ్లండి. కేంద్రానికి తీసుకెళ్లే పని వంతులు వేసుకోండి.

వచ్చే ఏడు నివేదికలో వసూళ్ల శాతం పక్కన, చదువుతున్న ఈ పిల్లల సంఖ్య కూడా ఉండాలి.