పేరు వారిది, బాధ్యత ఎవరిది?

(రాజ్యాంగ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను నగరపాలనలో అనువాదకురాలిని. కన్నడంలో వెలువడే ఉత్తర్వులను, ప్రకటనలను తెలుగులోకి తేవడం నా వృత్తి. ఈ వృత్తిలో నాకు నిత్యం ఎదురయ్యే వాక్యం ఒకటి ఉంది. కర్ణాటక ప్రభుత్వ ఉత్తర్వు ఏ శాఖ జారీ చేసినదైనా, చివర సంతకానికి పైన ‘కర్ణాటక రాజ్యపాలర ఆదేశానుసార మత్తు అవర హెసరినల్లి’ అని ఉంటుంది. కర్ణాటక గవర్నరు గారి ఆదేశానుసారం, వారి పేరిట అని దాని అర్థం. కింద సంతకం మాత్రం సచివాలయంలోని ఒక అధికారిది.

కొంతకాలం కిందట ఒక పెద్దాయన నా వద్దకు వచ్చారు. అనంతపురం జిల్లా నుంచి వలస వచ్చి, ముప్పై ఏళ్లుగా ఇక్కడ తాపీ పని చేసుకుంటున్నవారు. భర్తను కోల్పోయిన ఆయన కుమార్తెకు పింఛను ఆగిపోయింది. కార్యాలయంలో ఎవరో ఆయన చేతికి నిబంధనల ఉత్తర్వు నకలు ఇచ్చి పంపారు. చివరి వాక్యాన్ని ఎవరితోనో చదివించుకున్నారు. “గవర్నరే ఆపించినాడంట కదమ్మా. ఆయన కన్నా పెద్దామె రాష్ట్రపతి. ఆమెకే రాసిపెట్టమ్మా” అన్నారు. నేను రాసిచ్చాను. కొన్ని నెలలకు జవాబు వచ్చింది: తగిన చర్య నిమిత్తం అర్జీని రాష్ట్ర ప్రభుత్వానికి పంపినట్లు. అక్కడి నుంచి అది మెట్టు మెట్టు దిగి, పింఛను ఆగిన బల్ల మీదికే చేరింది. ఆయన అడిగినది రాశానే గాని, ఆ వాక్యానికి అర్థం చెప్పలేదు. ఆ లోపం నాది. నాడు ఆయనకు చెప్పవలసిన మాటలనే నేడు మీ ముందుంచుతున్నాను.

మన రాజ్యాంగం పేరును, నిర్ణయాన్ని వేరు చేసింది. 77వ అధికరణ ప్రకారం కేంద్ర ప్రభుత్వ కార్యనిర్వహణ రాష్ట్రపతి పేరిట సాగుతుంది. 166వ అధికరణ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ కార్యనిర్వహణ గవర్నరు పేరిట సాగుతుంది. నిర్ణయం మాత్రం చట్టసభకు జవాబుదారీ అయిన మంత్రిమండలిది. మన బంధువులెందరో ఉన్న అమెరికాలో దేశాధినేత, ప్రభుత్వాధినేత ఒక్కరే. మన పద్ధతి వేరు. మన రాష్ట్రపతి స్థానం ఇంగ్లాండు రాజు స్థానం వంటిదనీ, ఆయన జాతికి ప్రతినిధి గాని జాతిని పాలించేవారు కారనీ అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలోనే వివరించారు.

ఎందుకీ ఏర్పాటు? మంత్రివర్గాలు వస్తాయి, పోతాయి, రాజ్యం నిలుస్తుంది. నిన్నటి మంత్రివర్గం ఇచ్చిన ఉత్తర్వు ఆ మంత్రివర్గం దిగిపోయినంత మాత్రాన రద్దు కాదు. అది ఏ ముఖ్యమంత్రి సొంత పేరిటా వెలువడలేదు గనుక. ప్రమాణ స్వీకారంలోనూ ఈ తేడా కనిపిస్తుంది. మంత్రులు రాజ్యాంగం పట్ల విశ్వాసం, విధేయత చూపుతామని ప్రమాణం చేస్తారు. రాష్ట్రపతి, గవర్నరు మాత్రం రాజ్యాంగాన్ని సంరక్షిస్తామని, కాపాడుతామని ప్రమాణం చేస్తారు. ఒకరిది నడిపే పని, మరొకరిది కాచే పని.

అయితే ఇది వట్టి అలంకార పదవేనా? సలహా ఇచ్చేవారి బలమే సందేహాస్పదమైనప్పుడు ఆ పదవి బరువు తెలుస్తుంది. అందుకు మనవారి చరిత్ర నుంచే రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది నీలం సంజీవరెడ్డి గారిది. అనంతపురం జిల్లా ఇల్లూరులో 1913లో జన్మించి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయిన ఆయన 1996లో కన్నుమూసింది ఈ బెంగళూరులోనే. 1969లో వి.వి.గిరి చేతిలో ఓడి, 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. 1979 జులైలో మొరార్జీ దేశాయి రాజీనామా చేయగా, చరణ్‌సింగ్‌ను ప్రధానిగా నియమించి, సభలో బలం నిరూపించుకోమన్నారు. చరణ్‌సింగ్ సభను ఎదుర్కొనకుండానే ఆగస్టు 20న రాజీనామా చేస్తూ, లోక్‌సభ రద్దుకు సలహా ఇచ్చారు. జగ్జీవన్‌రామ్ తనకు అవకాశం ఇవ్వమని కోరుతున్నా, సంజీవరెడ్డి గారు 22న సభను రద్దు చేశారు. సభ విశ్వాసం పొందని ప్రధాని సలహాకు ఎంత విలువ ఇవ్వాలన్నది ప్రశ్న. ఆయన నిర్ణయాన్ని సమర్థించినవారూ ఉన్నారు, తీవ్రంగా తప్పుపట్టినవారూ ఉన్నారు. ఆ రెండు రోజులు మాత్రం ఆ పదవి అలంకారం కాదు.

రెండవది ఈ నగరంలోనే జరిగింది. 1989 ఏప్రిల్‌లో కర్ణాటక గవర్నరు పెండేకంటి వెంకటసుబ్బయ్య గారు. నంద్యాల నుంచి లోక్‌సభకు పలుమార్లు ఎన్నికైన తెలుగు నాయకుడు. పందొమ్మిది మంది శాసనసభ్యులు మద్దతు ఉపసంహరించుకున్నట్లు లేఖలు అందాయనీ, ముఖ్యమంత్రి ఎస్.ఆర్.బొమ్మై మెజారిటీ కోల్పోయారనీ ఆయన రాష్ట్రపతికి నివేదించారు. వారిలో ఏడుగురు మరునాడే మాట మార్చుకున్నారు. సభలోనే బలం నిరూపించుకుంటానని బొమ్మై కోరారు. విధానసౌధకు రాజభవనం కూతవేటు దూరం. ఆ దూరం దాటి సభలో తలలు లెక్కించలేదు. ఏప్రిల్ 21న రాష్ట్రపతి పాలన వచ్చింది.

బొమ్మై న్యాయస్థానానికి వెళ్లారు. 1994 మార్చి 11న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది: మంత్రివర్గ బలాన్ని తేల్చవలసిన చోటు శాసనసభే గాని, గవర్నరు వ్యక్తిగత అంచనా కాదు. బొమ్మై పదవి తిరిగి రాలేదు. కాని ఆ తీర్పు తరువాతి ప్రభుత్వాలకు రక్ష అయింది. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధించాలని కేంద్ర మంత్రిమండలి సలహా ఇచ్చింది. అక్కడి ముఖ్యమంత్రి అప్పటికే సభలో బలం నిరూపించుకున్నారు. రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ ఆ సలహాను పునఃపరిశీలనకు తిప్పిపంపారు. సలహాను ఒకసారి తిప్పిపంపే వెసులుబాటు 1978 నాటి 44వ సవరణ ఇచ్చినది. తిరిగి అదే సలహా వస్తే రాష్ట్రపతి ఆమోదించక తప్పదు. మంత్రిమండలి ఆ ప్రతిపాదనను విరమించుకున్నది. ఆయన ఆజ్ఞాపించలేదు, మరొకసారి ఆలోచించమన్నారు. కాచే పని అంటే అదే.

కనుక రాష్ట్రపతి, గవర్నరు మన పింఛను ఇచ్చేవారు కారు, ఆపేవారూ కారు. ఎవరు ఇవ్వాలో, ఎవరు జవాబు చెప్పాలో నిర్ణయించే సభను ఎవరూ దాటిపోకుండా చూడవలసినవారు. ఆ సభకు సభ్యులను పంపేది మన ఓటు. మనలో ఎందరి ఓటు నేటికీ విడిచివచ్చిన ఊళ్లోనే ఉంది! అర్జీ ఇక్కడ పెట్టుకుంటూ ఓటు అక్కడ ఉంచుకుంటే, ఇక్కడి శాసనసభ్యుడు మన మాట ఎందుకు వినాలి? నివాసం ఎక్కడో, ఓటు అక్కడికి మార్చుకోండి. అర్జీని ముందుగా నిర్ణయం జరిగిన కార్యాలయానికి ఇవ్వండి, రసీదు తీసుకోండి. పింఛనయితే తహసీల్దారు కార్యాలయం. అక్కడ కదలకపోతే పై అధికారి, ఆపైన మీ శాసనసభ్యుడు. రాష్ట్రపతికి రాయవద్దని కాదు. అక్కడితో మొదలుపెట్టవద్దని నా మనవి.

ఆ పెద్దాయన అర్జీని రెండవసారి తహసీల్దారు పేరిట రాశాం. పింఛను తిరిగి మొదలైంది. మధ్యలో పోయిన నెలల సొమ్ము మాత్రం రాలేదు. అప్పటి నుంచి ఆ చివరి వాక్యాన్ని అనువదించిన ప్రతిసారీ, ఉత్తర్వు పట్టుకొచ్చినవారికి ఒక మాట చెప్పి పంపుతున్నాను: పేరు గవర్నరు గారిది, నిర్ణయం మంత్రిమండలిది, అడిగే హక్కు మీది.