డిస్టిల్డ్ వాటర్ దాటి బోరు దాకా

నీటిశుద్ధి ఇంజనీరింగులో ఎం.టెక్., పీహెచ్‌డీ పరిశోధన ఎలా సాగుతోందో చెప్పమన్నారు. అంతా చెప్పే సమయం లేదు గనక ఫ్లోరైడు ఒక్కదాన్నే పట్టుకుంటాను.

మన దేశంలో ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి తొలి నివేదికలు 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతం నుంచి వెలువడ్డాయి. రాసినవారు షార్ట్, ఆయన సహచరులు, అంటే వైద్యులు. ఇంజనీర్లం మనం తీరిగ్గా వచ్చాం. 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు ఫ్లోరైడును తొలగించే నల్లగొండ పద్ధతిని రూపొందించారు. నీళ్ళలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి తిప్పితే అల్యూమినియం హైడ్రాక్సైడు ముద్దలు కడుతుంది, ఫ్లోరైడు దానితోపాటు అడుక్కి దిగుతుంది. ఈ పద్ధతి టాంజానియా దాకా వెళ్ళింది. మన నల్లగొండ జిల్లా పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది ఒక జబ్బు పుణ్యాన కావడం మాత్రం బాధే.

బిందెలో చక్కగా పనిచేసిన ఈ పద్ధతి ఊళ్ళో నిలబడడం ఎందుకంత కష్టం? పటిక మోతాదు ఫ్లోరైడును బట్టే కాదు, నీటి క్షారతను బట్టి కూడా మారుతుంది. ఈ బోరు లెక్క పక్క బోరుకు పనికిరాదు. తక్కువ వేస్తే ఫ్లోరైడు మిగులుతుంది. అతిగా వేస్తే అల్యూమినియం, సల్ఫేటు మిగులుతాయి. రోజూ మిగిలే మడ్డిని ఎక్కడ పోయాలి? పటిక ఎవరు కొనాలి? ప్రయోగశాల జార్ టెస్టులో ఈ ప్రశ్నలు రావు.

ఇప్పటి థీసిస్‌లకు వద్దాం. చింతగింజలు, వేపాకు, వరిపొట్టు బూడిద, కొబ్బరిచిప్ప బొగ్గు, ఎర్రమట్టి... ఫ్లోరైడును పట్టుకునే అధిశోషకంగా మనవాళ్ళు మార్చని పదార్థం పెరట్లో మిగల్లేదు. కష్టాన్ని తక్కువ చేయడం లేదు. కానీ పరీక్షించిన నీరేది? చాలాసార్లు డిస్టిల్డ్ వాటరులో సోడియం ఫ్లోరైడు కలిపి, ఆమ్లంతో పీహెచ్ దించిన నీరు. మన గ్రానైటు నేలల్లో ఫ్లోరైడు ఎక్కువున్న బోరు నీళ్ళ తీరు వేరు. వాటిలో సాధారణంగా కాల్షియం తక్కువ, బైకార్బొనేటు ఎక్కువ, పీహెచ్ ఏడు దాటి ఉంటుంది. అధిశోషకం మీద చోటు కోసం బైకార్బొనేటు పోటీకి వస్తుంది, కాగితం మీది తొంభై శాతం తొలగింపు అక్కడ జారిపోతుంది. తప్పు పిల్లలదే అనను. వైవాలో మనం లాంగ్‌మ్యూర్ గీత సరిగ్గా కుదిరిందా అని అడుగుతాం, వాడేసిన పదార్థాన్ని ఏం చేశావని అడగం.

మన జిల్లాకు కృష్ణా నీళ్ళు వచ్చాక ఇంకా ఈ గోల ఎందుకని కొందరు అంటున్నారు. ఆ నీళ్ళను పైపుల్లో ఇళ్ళకు చేర్చిన మిషన్ భగీరథ పథకం పెద్ద మేలే చేసింది. అయినా పైపు పగిలిన రోజున జనం బోరు దగ్గరికే పోతారు, పొలంలో కూలీ తాగేదీ బోరు నీరే. ఊరూరా పెట్టిన ఆర్‌ఓ ప్లాంట్లు వదిలే నీళ్ళలో ఫ్లోరైడు ఇంకా చిక్కనవుతుంది. ఆ నీరు మురుగు కాలువలో కలిసి ఎటు పోతోందో కొలిచే థీసిస్ వస్తే నేనే ముందు చదువుతాను.

గైడ్లకు నా సూచన: ప్రతి థీసిస్‌లోనూ ఒక అధ్యాయం నిజమైన బోరు నీటితో చేసిన కాలమ్ పరీక్షకు, మరొకటి వాడేసిన పదార్థం గతికి కేటాయించండి. దీనికి ఓ ఏడాది ఎక్కువ పట్టినా పట్టనివ్వండి.

ఇక మొదటి పత్రం. అమ్మా, ఫలితాలు తర్వాత. ముందు ఆ నీళ్ళు ఏ ఊరి బోరువో, క్షారత ఎంతో చెప్పి మొదలుపెట్టు.