చిన్నపిల్లల చక్కెర వ్యాధి – శిక్షణ పొందినవారి అవసరము

(సూళ్లూరుపేట ప్రాంతపు గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున సమాచార శాఖ ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



బాటలు, వీధిదీపములు, త్రాగునీరు – వీనిని గూర్చి మీరు తరచుగా చర్చించుచునే యున్నారు. నేడు నేను వేరొక విషయమును మీ ముందుంచుచున్నాను. చక్కెర వ్యాధి యనగానే మనకు ఏబదియేండ్లు దాటిన పెద్దమనిషి గుర్తుకు వచ్చును. పలకా బలపము పట్టిన బిడ్డకు ఆ వ్యాధి వచ్చునన్న నమ్మువారు తక్కువ. నమ్మకపోవుట వలన ప్రాణములు పోవుచున్నవి.

నా మేనకోడలి సంగతి చెప్పెదను. దానికప్పుడు ఎనిమిదేండ్లు. రాత్రివేళ నాలుగైదు మారులు లేచి నీరు త్రాగుచుండెను. ఎన్నడో మానిన పక్క తడుపుట మరల మొదలాయెను. కడుపునిండ తినుచునే చిక్కిపోవుచుండెను. ఎండకాలము గదా యని మేమనుకొంటిమి. పిదప వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస. మొదట చూపించినచోట నులిపురుగులకు మందిచ్చిరి. రెండు దినములు వృథా ఆయెను. తరువాత చూపించినచోట ఒక నర్సు బిడ్డ వ్రేలికొన నుండి నెత్తుటి చుక్క తీసి అరచేతిలో నిముడు యంత్రమున పరీక్షించెను. నిమిషములో సంగతి తేలిపోయెను. ఆమె ఈ విషయమున శిక్షణ పొందినదట. పట్టభద్రుడనైన నాకు తట్టనిది ఆమెకు తట్టినది.

ఈ వ్యాధిని మొదటి రకపు మధుమేహమందురు. క్లోమములో ఇన్సులిన్‌ను తయారుచేయు కణములను శరీరపు రక్షణ శక్తియే పొరపాటున నాశనము చేయును. మిఠాయిలు తినుట వలన వచ్చునది కాదు, అంటువ్యాధి కాదు, తల్లిదండ్రుల దోషము అంతకంటె కాదు. జీవితాంతము ప్రతిదినము ఇన్సులిన్ ఇచ్చుటయే చికిత్స. పసరు మందును నమ్మి సూది మాన్పించుట బిడ్డను చేజేతుల పోగొట్టుకొనుటయే.

1922వ సంవత్సరమునకు పూర్వము ఈ వ్యాధి సోకిన బిడ్డ బ్రతుకుట అరుదు. ఆ యేడు జనవరిలో కెనడా దేశపు టొరాంటో నగరమున లెనర్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునకు తొలిసారి ఇన్సులిన్ ఇచ్చిరి. అప్పటికి వాని బరువు 30 కిలోలైనను లేదు. మొదటి సూది మందు శుద్ధముగా లేక అంతగా పనిచేయలేదు. పండ్రెండు దినముల పిమ్మట మరింత శుద్ధిచేసిన మందు ఇవ్వగా బాలుడు కోలుకొనెను. ఆ బాలుడు మరి 13 ఏండ్లు జీవించెను. కనిపెట్టినవారు తమ హక్కును ఆ విశ్వవిద్యాలయమునకు ఒక్కొక్క డాలరునకే వ్రాసియిచ్చిరి. బాంటింగ్, మెక్లియాడ్‌లకు 1923లో నోబెల్ బహుమతి లభించెను.

మందు వచ్చి నూరేండ్లు దాటినను, దానిని బిడ్డకు సరిగా వాడు విద్య అందరికిని అందలేదు. పిల్లవాడు చిన్న పెద్దమనిషి కాడు. వాడు పెరుగుచుండును, ఆడుచుండును, ఒకపూట తినును, మరొకపూట మారాము చేయును. మోతాదు వీటన్నిటిని బట్టి మారవలెను. ఈ విద్య నేర్చిన వైద్యుని ఎండోక్రైనాలజిస్టు అందురు. ఎం.బి.బి.ఎస్.కు అయిదున్నర ఏండ్లు, జనరల్ మెడిసిన్‌లోనో పిల్లల వైద్యములోనో ఎం.డి.కి మూడేండ్లు, ఆపై డి.ఎం.కు మూడేండ్లు – వెరసి పదునొకటిన్నర ఏండ్లు. తిరుపతిలో దేవస్థానము వారి ఆధ్వర్యమున వెలసిన శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో ఈ విభాగమును, డి.ఎం. చదువును కలవు. 2022 ఏప్రిల్‌లో మన పేట తిరుపతి జిల్లాలో చేరినది గనుక అది మన జిల్లాలోని సంస్థయే.

అంత చదివినవారు ఊరూరికి రాలేరు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో వేసిన అంచనా ప్రకారము ఇరువది యేండ్లలోపు వయసుగల ఇట్టి రోగులు భారతదేశములో రెండు లక్షలకు పైమాటే. కావున నర్సులు, ఆహార నిపుణులు, మధుమేహ శిక్షకులు కూడ కావలెను. పిల్లల ఎండోక్రైనాలజీ వైద్యుల అఖిలభారత సంఘము 2021 నుండి ఇట్టి శిక్షకులను ఆన్‌లైను ద్వారా తయారుచేయుచున్నది. ఈ వ్యాధితో పెరిగి పెద్దవారైనవారును, వారి తల్లులును అందులో చేరవచ్చును. ఇది నాకు మిక్కిలి నచ్చిన యేర్పాటు. సూది బాధ నెరిగినవాడు చెప్పిన మాట బిడ్డకు వేగముగా నాటును.

ఇక మీరు చేయదగిన పని. మీ గ్రామ ఆరోగ్య కేంద్రములో గ్లూకోమీటరు కలదా, దాని పట్టీలు అయిపోయినవా యని అడుగుడు. యంత్రముండి పట్టీలు లేకున్న ఫలము లేదు. శ్రీహరికోట రాకెట్లను మిద్దె మీద నుండి చూచువారము; ఇంత చిన్న యంత్రమునకు జంకనేల? అతిదాహము, అతిమూత్రము, చిక్కిపోవుట – ఈ మూడును కలిసిన బిడ్డకు ఆ దినముననే పరీక్ష జరుగునట్లు ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ కార్యకర్తకు చెప్పుడు.

బడి పంతులుగారికి కూడ ఒక మాట. ఇన్సులిన్ తీసికొను బిడ్డకు చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడినచో చక్కెర పడిపోయినదని గ్రహించవలెను. తెలివిగానున్న బిడ్డకు వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించవలెను. స్పృహ తప్పినచో నోట ఏమియు పోయరాదు, ఆసుపత్రికి చేర్చవలెను. తరగతి నడుమ ఆ బిడ్డ ఏదైన తినిన గద్దింపరాదు.

మందు నిలువచేయుట మరొక చిక్కు. ఫ్రిజ్ లేని ఇంట పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందు చిన్న కుండనుంచి, నీడపట్టున సీసాను దాచవచ్చును. సీసా తడవకుండ చూడవలెను. పులికాట్ నడుమ ఇరకం దీవి నుండి పడవపై రావలసిన తల్లికి, నెలకు సరిపడు మందు ఒక్కమారే దొరకునట్లు ఆసుపత్రి వారితో మాట్లాడుట పంచాయతీకి తగిన పనియే.

ఆరోగ్య కేంద్రపు నర్సుగారు యంత్రముతో ఇచ్చటనే యున్నారు. మొదట నా వ్రేలినే పొడువుమని కోరితిని. మీరు దగ్గరకు వచ్చి చూడుడు.