చేతిలోని నేర్పు సంతకు చేరాలంటే

మన రైల్వే కాలనీలలో ఊహ గల చేతులకు కొదువ లేదు. పాత ఇనుముతో కొత్త పనిముట్టు చేసిన కుర్రవాణ్ణి మెచ్చుకుంటాం. మరునాడే ఉద్యోగపు దరఖాస్తు చేతికిస్తాం.

1964లో హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో కాకినాడ వర్తకులకు పదిరోజుల తరగతులు జరిగాయి. మెక్‌లెలండ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రూపొందించినవి అవి. అందులో మేకుకు రింగులు విసిరే ఆట ఒకటి. పిల్లలాటే గదా అని పెద్దలు నవ్వవద్దు! మరీ దగ్గర నిలబడితే గెలుపుకు విలువ లేదు. మరీ దూరమైతే అంతా అదృష్టమే. తగిన దూరం తానే ఎంచుకోవాలి. కొత్త వస్తువు చేసినవాడు ముందే వంద చేసి అప్పులపాలు కావాలా, పది చేసి అమ్మి చూడాలా అన్న లెక్కా అదే. శిక్షణ పొందనివారికంటె పొందినవారే ఎక్కువగా కొత్త వ్యాపారాలు పెట్టారని తరువాతి పరిశీలనలో తేలింది.

మన సంఘం గదిలోనూ ఆదివారాలు ఇటువంటి తరగతి పెట్టించుదాం. ముందు వరుసలో తండ్రులమే కూర్చుందాం.