రోబో జట్టులో చేరతారా?

కంచిలి, కవిటి, సోంపేట పక్క హైస్కూళ్లలో చదివే పిల్లలకు నాలుగు మాటలు.

మీ బడిలో గానీ దగ్గర్లో గానీ అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో ముందు మాస్టార్ని అడగండి. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన పథకమిది. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం, ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. మోటార్లు, సెన్సార్లు, త్రీడీ ప్రింటర్ ఉంటాయి. బీరువాలో పెట్టి తాళం వేయడానికి కాదు సుమా!

రోబోల పోటీ ఎలా ఉంటుందంటారా? 'ఫస్ట్ టెక్ చాలెంజ్'నే తీసుకోండి. ఆడేది 12 నుంచి 18 ఏళ్ల వాళ్లు. ఆట మొదలయ్యేసరికి రోబో నిలువూ అడ్డం 18 అంగుళాలు దాటకూడదు. మ్యాచ్ రెండున్నర నిమిషాలు. తొలి 30 సెకన్లు రిమోట్ ముట్టుకోవడానికి లేదు, ముందే రాసిన ప్రోగ్రామే రోబోను నడపాలి. రెండేసి జట్లు ఒక పక్షం. ఈ ఆటలో మీతో కలిసిన జట్టే తర్వాతి ఆటలో ఎదురు నిలవొచ్చు. అందుకే ఇక్కడ గొడవలు పెట్టుకుంటే నష్టం మనకే.

జట్టులో చేరడానికి కోడింగ్ వచ్చి ఉండక్కర్లేదు. సైకిల్ చైన్ బిగించడం తెలిసిన చేతులూ, చేసింది చేసినట్టు పుస్తకంలో రాసే ఓపికా చాలు. అబ్బాయిలకు స్క్రూడ్రైవరూ, అమ్మాయిలకు చార్టు పేపరూ అని పంచకండి మాస్టారూ.

మొదట అల్ట్రాసోనిక్ సెన్సార్‌తో మొదలుపెట్టండి. మనకు వినపడని శబ్దం వదిలి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలుస్తుంది. ఆ సెన్సార్ పెట్టిన రోబో బండి గోడ ముందు ఆగలేదా? ప్రోగ్రామ్ చెరపకండి, ముందు వైర్లు కదిపి చూడండి.